పంజా ముద్ర లేని గూడు

వాగు పక్క తుమ్మల అడవిలో పెళ్లంటే పెద్ద తతంగమేమీ లేదు. ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక పుల్ల గూట్లో గుచ్చితే పెళ్లయిపోయినట్టే. కాకపోతే ఒక ఆనవాయితీ ఉంది. పుల్ల పెట్టినవాళ్లే రేపు ఆ కాపురంలో పేచీ వస్తే తీర్చాలి.

గోరింట, మల్లిక అనే రెండు ఆడ కొంగలకూ అలాగే పుల్లలు పడ్డాయి. గాలివానకు తల్లి పోయిన గుడ్లను అవి ముచ్చటగా పొదుగుతున్నాయి.

ఆ గుడ్ల మీద నక్క కన్ను పడింది. చెట్టెక్కడం రాదు కనుక సింహం చెవిలో ఊదింది.

"మహారాజా, మీ పంజా ముద్ర లేకుండానే అందరూ కాపురాలు పెట్టేస్తున్నారు. ఇదేం రాజ్యమండీ?"

"అవును సుమా!" అంది సింహం. "ముద్ర లేని గూడు విప్పేయాల్సిందే."

మర్నాడు పొద్దున్నే జంటలన్నీ ముద్ర వేయించుకున్నాయి. గోరింటను మాత్రం సింహం గుహ ముందే నక్క ఆపేసింది.

"ఇద్దరూ ఆడవాళ్లేగా, మీకు కుదరదు. పొద్దుగూకేలోగా గూడు విప్పండి."

"మరి గుడ్లు?" అంది గోరింట.

"నేను చూసుకుంటాలే తల్లీ."

ఆ పక్కనే బురదలో పడుకున్న ముసలి గేదె ఈ మాట విని, లేచి సింహం దగ్గరకు వెళ్లింది.

"మంచి పని చేశావు నాయనా. ముద్ర నీది కాబట్టి ఇక పేచీలూ నీవే. అందర్నీ నీ దగ్గరకే పొమ్మంటాను."

"రానీ పెద్దమ్మా!" అంది సింహం దర్జాగా.

మధ్యాహ్నానికే వచ్చిపడ్డాయి.

"మా ఆయన గూట్లోకి ఒక్క ఈకైనా తేడు!" అంది పిచ్చుక.

"మా ఆవిడ నాకు పేలు చూడదు!" అంది కోతి.

"అత్తగారు మా కొమ్మ మీదే ఉంటానంటోంది, మీరే చెప్పండి!" అంది కాకి.

సింహానికి వేట లేదు, కునుకు లేదు. పొద్దు వాలేసరికి గేదె కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

"కొరివితో తల గోక్కున్నాను పెద్దమ్మా! దారి చెప్పు."

"ముద్ర తీసెయ్యి. ఎవరు ఎవరితో గూడు కట్టుకుంటే నీకెందుకు? ఎవడైనా ఆ గూడు పడగొట్టబోతే మాత్రం గర్జించు. నీ పని అదే."

"తీసేశాను! అయినా గూడు పడగొట్టేదెవడు?"

"అదుగో, కొంగల చెట్టు కింద నోరు తెరుచుకు కూర్చున్నాడు చూడు."

గూట్లో మల్లిక గుడ్ల మీద నుంచి కదల్లేదు. కింద నక్క తొందరపెడుతోంది. సింహం గర్జించింది. నక్క తుమ్మముళ్లలో పడి, కుంటుకుంటూ వాగు దాటిపోయింది. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అంటారు గానీ, ఈ నక్కను చూడనివాళ్లు అన్న మాటది.

గుడ్లు పిల్లలయిన రోజున సింహమూ ముచ్చటపడి ఒక పుల్ల నోట కరుచుకుని వచ్చింది.

"పుల్ల పెడితే పేచీ తీర్చాలి నాయనా," అని గుర్తుచేసింది గేదె.

సింహం పుల్ల అక్కడే వదిలేసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నీతి: గూటికి కాపలా కాయడమే రాజు పని, గూట్లో ఎవరుండాలో చెప్పడం కాదు.