రాజుగారి జున్ను మీద నాలుక గుర్తు

"జున్నుపాలోయ్! కోటకి జున్నుపాలోయ్!"

కేక వీధి ఆ చివర్నించి వచ్చింది. కేక వేసిన మనిషి మాత్రం కనబడలేదు. చలికాలం పొగడదుర్గంలో మంచు అలా పట్టేది మరి, ఎదురింటి అరుగు కూడా కంటికి ఆనేది కాదు. కేక వినగానే వీధిలో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి. పులొచ్చిందన్నా అంత తొందరగా మూసుకునేవి కావు.

ఆ రాజ్యం ఏ దిక్కున ఉండేదో ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు గానీ, దాన్నేలిన ఉద్దండభూపాలుడి సంగతి మాత్రం చెప్పుకోవాల్సిందే. ఆయనకి రెండు పిచ్చులు. ఒకటి జున్ను. రెండోది ఎంగిలి పట్టింపు. ఎవరి చెయ్యి తగిలినా ఎంగిలే, ఎవరి ఊపిరి సోకినా ఎంగిలే. తింటుండగా ఎవరి చూపు పడినా, హమ్మో, అదీ ఎంగిలే! అందుకని పట్టుతెర కట్టించుకుని దాని వెనక ఒక్కడే కూర్చుని తినేవాడు.

ఈ రెండు పిచ్చులూ ఒకనాడు ఢీకొన్నాయి. "దూడ మూతిపెట్టిన పొదుగు పాలా ఇంతకాలం నేను తిన్నది!" అని ఆయన వణికిపోయి చాటింపు వేయించాడు. ఊళ్లో ఏ పశువు ఈనినా ముందు పాలన్నీ కోటకే చేరాలి. జున్నుపాలు అయిపోయేదాకా దూడ పొదుగు ముట్టకూడదు.

పుట్టిన దూడకి ఆ పాలే కదా ప్రాణం. మొదట్లో ఊరంతా దూడల అరుపులే. తర్వాత ఆ అరుపులు సన్నగిల్లాయి. ఆ తర్వాత వినబడ్డమే మానేశాయి. అరుస్తున్నప్పుడు చెవులు మూసుకున్నవాళ్లకి ఇప్పుడు ఆ నిశ్శబ్దం వింటేనే ఒళ్లు జలదరించేది.

ఆ పొద్దున కోనప్ప పాలవాడలో సర్వక్క పాకలో ఉన్నాడు. కోనప్ప అంటే రాజుగారి కొలువులో చమత్కారాలాడి బతికేవాడు. సర్వక్క గేదె తెల్లారగట్ల ఈనిందని తెలిసి, చంకలో గిన్నె పెట్టుకుని మరీ వచ్చాడు.

"ఏమయ్యా కోనప్పయ్యా, దూడని చూడ్డానికొచ్చావా, జున్నుకొచ్చావా?"

"దూడనే సర్వక్కా. గిన్నె ఊరికే, తోడుకి తెచ్చుకున్నా."

సర్వక్క నవ్వలేదు. దూడ తల్లి పొదుగులో మూతి దూర్చి కుమ్ముతోంది. దాని పెదాల నిండా నురగ. కోనప్ప వీధి వైపు ఓసారి చూసుకున్నాడు.

"అక్కా, చాటింపు వినలేదా?"

"విన్నానయ్యా. పోయినసారి విన్నట్టే చేశాను. దూడ ఈ పాక మూలనే కళ్లు తెరుచుకుని పోయింది. ఇంకోసారి నావల్ల కాదు."

మంచులోంచి బంట్రోతు నాగులు ఊడిపడ్డాడు. కేకలు వేసేది వాడే. దూడ మూతి నురగ చూశాడు, నీళ్లు నమిలాడు. "నన్ను తిట్టుకోకు సర్వక్కా. రేపు పొద్దెక్కేసరికి గేదెని కోటకి తోలుకుపోవాలి. దూడ ఇక్కడే ఉంటుంది. రాజాజ్ఞ."

తల్లి లేని పసిదూడ ఎన్నాళ్లుంటుందో అందరికీ తెలుసు. దూడ మాత్రం ఏమీ ఎరగనట్టు వచ్చి కోనప్ప అరచెయ్యి నాకింది. గరగరలాడే నాలుక. అచ్చం బీరపీచుతో తోమినట్టుంది. కోనప్ప అరచెయ్యి వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం కొలువుకి వెళ్లేసరికి రాజుగారు తెర వెనక ఉన్నారు. లోపల మూత తీసిన చప్పుడైంది. వెంటనే మూత ఠక్కున పడిన చప్పుడైంది. తర్వాత ఎంతసేపటికీ చప్పుడే లేదు. గిన్నె ముట్టనిది ముట్టనట్టే బయటికొచ్చింది, వంటశాలలో మూతకి వేసి, రాజుగారే విప్పిన ముద్రతో సహా. రాజుగారూ వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

"జున్ను బాగాలేదా ప్రభూ?" అన్నాడు కోనప్ప.

"నీళ్లు! అంతా నీళ్లు! బెల్లం, మిరియం, యాలకులు, అన్నీ వేసినా గట్టిపడదు. పాలవాళ్లు మోసం చేస్తున్నారు."

"మోసం పాలవాళ్లది కాదు, గేదెలది. దూడని కట్టేసి పితికితే గేదె ఎగచేపుతుంది మహారాజా. అసలు పాలు పొదుగులోనే దాచుకుంటుంది. దూడ కుడిచి చేపించిన పాలతో చేసిన జున్నుందే, ఆవిరిమీంచి దింపగానే గిన్నె కదిపితే పసివాడి బుగ్గలా అదురుతుంది. కత్తి పెడితే అంచు నిలబడుతుంది. నాలుక మీద వేసుకుంటే ముందు బెల్లం, ఆ వెనక మీగడ, అది గొంతు దిగిపోయాక మిరియం ఘాటు…"

రాజుగారు గుటక వేశారు. అంతలోనే బిగుసుకున్నారు. "చాలు! ఎంగిలి ఎంగిలే."

"రేపు పొద్దున రెండు గిన్నెలు తెస్తాను. మీ పశువుల సాలలో దూడని కట్టేసి పితికిన పాల జున్నొకటి, సర్వక్క గేదె జున్నొకటి. తినక్కర్లేదు ప్రభూ, చూడండి చాలు. ఏది శుద్ధమో మీరే చెప్పండి. నాది ఓడితే గేదె మీది, నేను దేశం విడిచిపోతాను. గెలిస్తే గేదె సర్వక్కది."

"ఓడిపోతావు," అన్నారు రాజుగారు మీసం మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి వణకడం కోనప్ప కంటపడింది. జున్ను దొరక్క వచ్చిన నీరసం అనుకున్నాడు.

మర్నాడు కోట వంటశాలలో రెండు గిన్నెలూ చల్లారుతున్నాయి. వంటమనిషి అటు తిరిగిన క్షణంలో కోనప్ప రొండిన దాచిన బీరపీచు ముక్క తీశాడు, తడిపాడు, సాల గిన్నె మూత ఎత్తి జున్ను మీద ఒక్కసారి, కింది నుంచి పైకి లాగాడు. వెడల్పాటి, గరుకైన చార పడింది. తను చేసిందే అయినా చూడలేక గబుక్కున మూత పెట్టేశాడు.

కొలువులో అందరూ ఉన్నారు. ఓ పక్క సర్వక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కిటికీల్లోంచి మంచు లోపలికి పాకి దీపాలు మసకబారాయి.

"ఇది మీ శుద్ధమైన జున్ను ప్రభూ. దూడ మూతి పడనిది," అని కోనప్ప సాల గిన్నె ముందుకు జరిపాడు.

రాజుగారే మూత తీశారు. చూశారు. మూత చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయి స్తంభానికి తగిలి ఆగింది.

"నాలుక…" అన్నారు.

"దూడ నాలుకే ప్రభూ," అన్నాడు కోనప్ప గొంతు తగ్గించి. "పొదుగు దగ్గర అడ్డుకుంటే ఊరుకుంటుందా? దాని పాలు ఎటుపోతే అటే వస్తుంది. గోడలు, తలుపులు, మూతలు దానికి లెక్కేమిటి? కడుపునిండా తాగిన దూడ మాత్రం పడి నిద్రపోతుంది. దానికి మీ గిన్నెతో పనేముంది?"

రెండో గిన్నె మూత తీశాడు. సర్వక్క గేదె జున్ను, మచ్చ లేకుండా నున్నగా, గిన్నె కదిలితే చాలు అదురుతోంది. రాజుగారు దానికేసి చాలాసేపు చూశారు. ఎవరి అనుమతీ అడగనట్టు చెయ్యి దానంతటదే వెళ్లింది. తిన్నారు. కళ్లు మూసుకున్నారు. ఇంకో ముక్క తిన్నారు. కొలువంతా చూస్తోందన్న సంగతే మరిచిపోయారు.

"ప్రభూ, ఇంతమంది చూపు పడింది," అన్నాడు కోనప్ప. "ఎంగిలి కదా!"

"నోరుముయ్యి," అన్నారు రాజుగారు నోటినిండా జున్నుతో. "గెలిచావు. గేదె ఆవిడదే. చాటింపు రద్దు. ఇక దూడలే ముందు తాగుతాయి."

సర్వక్క అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. కోనప్పకి ఇంక దాచడం ఎందుకనిపించింది. రొండి లోంచి బీరపీచు తీసి రాజుగారి పాదాల దగ్గర పెట్టాడు. "తప్పు కాయండి. దూడ నాలుక ఇదే."

రాజుగారు బీరపీచుని చూశారు, గిన్నెలోని చారని చూశారు. పొట్ట పట్టుకుని నవ్వారు. కొలువంతా నవ్వింది. భుజం మీది శాలువా తీసి కోనప్పకి కప్పుతూ, "దొంగా! రోజూ తెర వెనక నా ప్రాణాలు తోడేసింది నువ్వా! మూత మీద నా ముద్ర ఉండగా ఎలా గీశావయ్యా ఇన్నాళ్లూ?" అన్నారు.

"ఇన్నాళ్లూనా?" కోనప్ప మొహంలో నవ్వు ఆగింది. "నేను గీసింది ఇవాళే ప్రభూ. ఇదొక్కటే."

శాలువా మీద రాజుగారి చెయ్యి అలాగే ఉండిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూత ఠక్కున పడిన చప్పుడు, ముట్టకుండా వచ్చిన గిన్నె, నీళ్లన్న సాకు, వణికిన చెయ్యి, అన్నీ కోనప్పకి అప్పుడు అర్థమయ్యాయి.

"తెర పీకెయ్యండి," అన్నారు రాజుగారు. తర్వాత ఎవరికీ వినబడకుండా, "ఒక్కణ్ణీ తినలేను కోనప్పా. నా పక్కన కూర్చో," అన్నారు.

విస్తళ్లు పరిచారు. నాగులు, వంటమనిషి, సర్వక్క, కొలువువాళ్లు, అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. కోనప్ప భుజం రాజుగారి భుజానికి తగిలింది. రాజుగారు పక్కకి జరగలేదు, ఇంకాస్త దగ్గరికి జరిగారు. ఒక్కో విస్తట్లో జున్ను ముక్క అదురుతూ పడింది.

అంతలో బయట మంచులో ఎక్కడో ఒక దూడ అరిచింది.

చేతులన్నీ విస్తళ్ల మీదే ఆగిపోయాయి. రాజుగారు కోనప్ప మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

సర్వక్క తల తిప్పి ఆ అరుపు విన్నది. "అది మా దూడేనయ్యా. ఆకలి అరుపు కాదు, కడుపు నిండిన అరుపు," అంది. "తినండి, తినండి."

అప్పుడు అందరూ తిన్నారు.