యాసీన్ కట్టిన మడుగు

యాసీన్‌కు ముద్ద దిగడం లేదు. తెల్లవారితే దర్గాలో ఉరుసు. చుట్టుపక్కల ఊళ్ళ పేదలంతా రొట్టె కోసం వస్తారు. గోధుమలు ఇంకా బస్తాల్లోనే ఉన్నాయి. నీటి తిరగలి ఆగిపోయింది.

దాన్ని తిప్పి చూపిస్తానని గురువు ఖాదర్ షాకు మాటిచ్చింది తనే. పాతవాళ్ళు కొండమీది ఊట నుంచి నేలలోపల మట్టిగొట్టాలు పరిచి, అంత దూరం నీళ్ళు నడిపించారు. పూడిపోయిన ఆ దారంతా యాసీన్ తవ్వించాడు. తిరగలి రాయి కింద గోతిలో కొత్త చక్రం బిగించాడు. అంత కష్టపడి తెచ్చిన నీళ్ళు ఊరికే పోతుంటే ప్రాణం ఒప్పక, అవి బయటికి పోయేచోట రాతికట్ట వేసి చక్కని మడుగు చేశాడు. కట్ట నడుమ పలకరాతి మీద తన పేరు చెక్కించాడు. అదో ముచ్చట.

పొద్దున తూము ఎత్తగానే తిరగలి గిర్రున తిరిగింది. చూడవచ్చినవాళ్ళు శభాష్ అన్నారు. కాసేపటికి నెమ్మదించింది. ఆ తర్వాత ఆగింది.

యాసీన్ కొండదాకా పరుగెత్తి చూసొచ్చాడు. ఎక్కడా అడ్డు లేదు. తూము ఇంకా పైకెత్తాడు. నీళ్ళు ఉరికొచ్చాయి గాని చక్రం కదల్లేదు. మళ్ళీ కొండకు పరుగు.

సాయంత్రానికి గురువు ముందు కూలబడ్డాడు.

“బాబా, రేపు వచ్చినవాళ్ళు ఆకలితో తిరిగిపోతారు. నీళ్ళు చాలడం లేదేమో. ఇంకో ఊట తవ్వించమంటారా?”

“వచ్చే నీళ్ళు చూశావు. పోయే నీళ్ళు చూశావా?”

ముసలాయన తిన్నగా మడుగు దగ్గరికి వెళ్ళి, లుంగీ ఎగగట్టి దిగాడు. కట్ట నడుమనున్న పలకరాయి పట్టుకుని ఊపసాగాడు.

“బాబా! అది...”

రాయి ఊడొచ్చింది. నీళ్ళు ఎవరెవరి పొలాల్లోకో భళ్ళున దూకాయి. యాసీన్ ప్రాణం ఉసూరుమంది. మడుగు తగ్గేకొద్దీ, వెనక్కి తన్నిన నీళ్ళలో మునిగిపోయిన చక్రం రెక్కలు బయటపడ్డాయి. పైనుంచి ధార వాటి మీద పడింది. చక్రం మూలిగింది. కదిలింది.

యాసీన్ ఒక్క ఉరుకున వెళ్ళి గోధుమలు పోశాడు. పిండి రాలడం మొదలయ్యాక గాని అతనికి ఊపిరాడలేదు.

గురువు తడిబట్టలతోనే ఆ పలకరాయి మోసుకొచ్చి, పేరు పైకి కనబడేలా గోడవార పరిచాడు.

“నేలంతా చెమ్మగా ఉంది. పిండిబస్తా దీనిమీద పెట్టు, బేటా.”

యాసీన్ కాసేపు తన పేరు చూశాడు. తర్వాత బస్తా ఎత్తి దానిమీద పెట్టాడు.