కొండగాలిని గెంటేసే ముందు

సోమనాథ్‌కు అన్నం సయించడం మానేసింది. ముద్ద చేతిలో పట్టుకుని ఫోను చూసేవాడు. ఫోను పక్కన పెట్టాక ముద్ద సంగతి మరిచిపోయేవాడు.

జనకోశమని ఒకటుంది. పుస్తకమే గానీ అట్టలుండవు, కంప్యూటర్లో ఉంటుంది. ఎవరికి తెలిసింది వాళ్లు వచ్చి అందులో రాస్తారు. జీతం లేదు, శాలువా లేదు. ఒకరు రాసింది తప్పనిపిస్తే ఇంకొకరు తీసేయవచ్చట. సొంత పేరు కూడా చెప్పనక్కర్లేదట. ఎంత చిత్రమో చూడండి, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే అంత పుస్తకం రాసుకుంటున్నారు.

సోమనాథ్ అందులో పెద్దరికం ఉన్నవాడు. మితిమీరిన వాళ్లను బయటికి పంపే అధికారం అతనికుంది. కొర్రలు ఎప్పుడు విత్తాలో అతను రాసిన పేజీని 'కొండగాలి' అనే పేరుతో ఎవరో వచ్చి మార్చారు. సోమనాథ్ మళ్లీ తనదే పెట్టాడు. మళ్లీ మార్పు. మళ్లీ పెట్టడం. పంతం పెరిగింది. సాయంత్రంలోగా కొండగాలిని గెంటేస్తానని అందరి ముందూ రాసేశాడు. రాశాక కుదురు పోయింది. ఏళ్ల తరబడి మెట్ట పంటల గురించి రాస్తున్న చెయ్యి అది. గెంటేస్తే మళ్లీ ఇటు రాదు.

ఉండబట్టలేక మహబూబ్ తాత దగ్గరికి వెళ్లాడు. తాత ఊరి బయట దర్గాలో ఉంటాడు. చదువుకునే రోజుల నుంచీ సోమనాథ్‌కు గురువంటే ఆయనే. అక్షరాలు దిద్దుకునే పిల్లలు అప్పుడే వెళ్లిపోయారు. వాళ్లు పారేసిన సుద్దముక్కలు నాపరాళ్ల మీద ఏరుకుంటున్నాడు తాత.

"ఏందబ్బీ, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు. కూర్చో."

కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. "ఒకణ్ణి బయటికి గెంటాలి తాతా. తప్పా?"

"మీ పుస్తకంలో ఎవురన్నా నోటికొచ్చింది రాసేస్తే ఏం జేస్తారు?"

"ఆ మాట పక్కన గుర్తు పెడతాం, ఆధారం కావాలని. చూపించకపోతే మాట తీసేస్తాం."

"మంచి పద్ధతి. ఇప్పుడు చెప్పు ఆ మనిషి సంగతి."

"వాడికి నేనంటే కుళ్లు."

తాత సుద్దముక్కతో బండ మీద గీత గీశాడు.

"కావాలనే చేస్తున్నాడు. నేనెప్పుడు రాస్తానా అని కాచుకుని ఉంటాడు."

పక్కన ఇంకో గీత. దాని పక్కన ఇంకోటి.

"నన్ను పొలం గట్టు తొక్కని వాడనుకుంటున్నాడు. ఇంట్లో కూర్చుని నవ్వుకుంటా ఉంటాడు."

గీతలు సోమనాథ్ కాళ్ల దాకా వచ్చాయి. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది తాతా ఇవి?"

"మీ గుర్తే. అది ఎట్లుంటాదో తెలీక గీత పెడతాండా."

సోమనాథ్ ముఖం ఎర్రబడింది. "సరే, ఇది వినండి. నేను రాసింది మళ్లీ మళ్లీ తీసేశాడు. కావాలంటే చూపిస్తా."

సుద్దముక్క కదల్లేదు.

"ఎందుకు తీసినాడంట?"

"ఎందుకంటే వాడికి..." అంటూ తాత చేతి వంక చూసి ఆగిపోయాడు.

"అడిగితివా?"

"ఎన్ని రాశానో తాతా. కొండగాలి ఇట్లాంటివాడు, కొండగాలి అట్లా చేశాడని పేజీలకు పేజీలు."

"అవన్నీ మందికి రాసినావు. ఆ మనిషికి ఏం రాసినావు?"

సోమనాథ్ ఫోను తీశాడు. గెంటేసే మీట పైనే ఉంది. దాన్ని దాటి, కొండగాలికి విడిగా జాబు రాసే చోటు తెరిచాడు. ఎందుకు తీశారని అడగాలి, అంతే.

ముందు పిలుపు రాయాలి గదా. 'అన్నా' అని రాశాడు. ఆడమనిషేమో అనిపించి చెరిపేశాడు. 'అక్కా' అని రాశాడు. పండు ముసలాయనేమో. లేక నిన్నగాక మొన్న కాలేజీలో చేరిన పిల్లేమో. చెరిపేశాడు. వేలు ఫోను మీద ఆనకుండా అట్లాగే నిలిచిపోయింది.

"తాతా," అన్నాడు తలెత్తకుండా, "ఈ మనిషిని ఏమని పిలవాలో కూడా నాకు తెలీదు."

తాత మిగిలిన సుద్దముక్కలు డబ్బాలో వేసి మూత పెట్టాడు.

"అదే అడుగు."