కోటను చూస్తున్న ఎదురమ్మ

పూర్వం ఎర్రకొండల నడుమ కనుమదారి దిగివచ్చే చోట కనుమపేట అనే చిన్న పట్టణం ఉండేది. కొండకు అవతలి పత్తి, ఇవతలి నూనె, ఉప్పు, కంబళ్లు ఆ దారినే చేతులు మారవలసి ఉండటం వల్ల, ఏటా మాఘమాసంలో అక్కడ జరిగే పెద్ద సంతకు దూరదేశాల వర్తకులు సైతం బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఆ పట్టణాన్ని ఓబళనాయకుడనే పాలెగాడు ఏలుతుండేవాడు. పడమటి గుట్ట మీద అతని కోట, తూర్పున పల్లంలో పేట, రెంటికీ నడుమనున్న మిట్ట మీద పొలిమేరమ్మ గుడి. గుడి అనడమే గాని అది నాలుగు బండల నీడ. ఆ నీడలో నిలువెత్తు రాతివిగ్రహం, ముఖం పేట వైపు, వీపు కోట వైపు.

ఆ అమ్మవారి సన్నిధిలో అనాదిగా ఒక కట్టుబాటు నడుస్తుండేది. పట్టణంలో ఎవరికైనా దొంగతనం వల్లగాని దౌర్జన్యం వల్లగాని నష్టం కలిగితే, వారు ఊరి పక్కన పారే వంకలోనుంచి ఒక తెల్లని పలుగురాయి ఏరితెచ్చి అమ్మ ఎదుట పెట్టేవారు. జరిగిన అన్యాయం చక్కబడిన నాడు, పెట్టిన మనిషే తన చేతులతో ఆ రాయిని తీసి మళ్లీ వంకలో విడిచేవారు. పరుల చేయి ఆ రాయిని తాకరాదు. అమ్మ ఎదుట రాయి ఉన్నంతకాలం ఊరి కావలివాళ్లకు పంటలో రావలసిన భాగం ముట్టదు. సంతకు ముందు రాజప్రతినిధి వచ్చి, ఆ రాళ్లు చూసి, పేట ఎంత క్షేమంగా ఉన్నదో నిర్ణయించి, సంత జరుపుకొనే హక్కు ఇచ్చి వెళ్లేవాడు. శాసనాలు చదవలేని పశులకాపరికి కూడా ఊరి మంచిచెడ్డలు ఆ మిట్ట మీద కంటికి కనిపించేవి.

ఓబళనాయకుని కాలంలో ఆ రాళ్లు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయి. దొంగతనాలు తగ్గినందువల్ల కాదు. కావలి పెద్ద బసవప్ప అనేవాడు దొంగతనమనే మాటనే పట్టణం నుంచి వెళ్లగొట్టాడు. ఎద్దు పోయిందని వస్తే అది తప్పిపోయిందనేవాడు. మెడలో గొలుసు తెంపుకుపోయారని ఏడిస్తే, పాతబడిన కొలికి ఊడి ఎక్కడో జారిపోయిందనేవాడు. గోడకు కన్నం వేశారంటే పందికొక్కు పని అనేవాడు. అప్పటికీ ఒప్పుకోక రాయి పెట్టినవారిని కోటకు పిలిపించి, కొందరిని బుజ్జగించి, కొందరిని బెదిరించి, వారి చేతులతోనే రాళ్లు తీయించేవాడు. బోసిగా ఉన్న ఆ మిట్టను చూసి పేట ఎంత క్షేమమో అని పైవారు సంతోషించేవారు. ఆ పేరు విని కొత్త వర్తకులు మరిన్ని బండ్లతో వచ్చేవారు. వారితోపాటే దొంగలకు మరింత మేత వచ్చేది. ఈ విధంగా రాళ్లు ఎంత తగ్గితే దోపిడీలు అంత పెరగటం కనుమపేటలో విడ్డూరం కాకుండా పోయింది.

ఆ పేటలోని గానుగవీధిలో బుక్కమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త గురవయ్య నెమ్మదస్తుడు. వారికున్న ఆస్తి ఒక గానుగ, దానిని తిప్పే గోధుమవన్నె పుల్లెద్దు ఒకటి. కళ్లకు గంతలు కట్టుకుని ఏళ్లతరబడి ఒకే చుట్టు తిరిగినందువల్ల, ఆ ఎద్దును కాడి విప్పి మేతకు వదిలినా ఏదో ఒక చెట్టునో రాతినో నడుమ పెట్టుకుని గుండ్రంగా తిరుగుతూనే మేసేది. పిల్లలు దాని వెనకే తిరిగి తలతిప్పు వచ్చి కూలబడేవారు. ఒకనాడు గురవయ్య పట్టపగలు దానిని కనుమ వద్ద మేపుతుండగా, ముఖాలకు గుడ్డలు చుట్టుకున్న మనుషులు వచ్చి ఎద్దును తోలుకుపోయారు. పలుపు వదలనందుకు అతని కుడిచేయి విరగగొట్టారు.

బుక్కమ్మ కావలిచావడికి వెళ్లింది. బసవప్ప తాంబూలం నములుతూ అంతా విని, "ఎద్దు తప్పిపోయింటుందిలే తల్లీ, ఆకలైతే అదే వస్తుంది" అన్నాడు.

"మరి ఆయన చెయ్యి, అన్నా?"

"గానుగ మీంచి పడినాడేమో."

"గానుగ ఇంట్లో ఉండాది. మనిషి కనుమ దగ్గర ఉన్నాడు. ఆడి నుంచి ఈడికి వచ్చి పడినాడా?"

చావడిలో ఎవరో కిసుక్కున నవ్వారు. బసవప్ప ముఖం ముడుచుకున్నాడు. బుక్కమ్మ తిన్నగా వంకలోకి దిగి, రెండు చేతులకు నిండుగా వచ్చే ఒక తెల్లరాయిని ఎత్తుకుని, మిట్ట ఎక్కి, బోసిగా ఉన్న అమ్మవారి ఎదుట పెట్టింది.

సంతకు మరి కొద్దిరోజులే ఉంది. పైగా ఆ ఏడు కనుమపేటకు 'నిర్భయపట్టణం' అనే బిరుదు, దానితోపాటు చుట్టుపక్కల సంతలన్నిటి మీద పెత్తనం వస్తాయని ఓబళనాయకుడు ఆశపెట్టుకుని ఉన్నాడు. ఆ తెల్లరాయి కోట బురుజు మీదికి కూడా కనిపిస్తుండటంతో అతనికి అన్నం సయించలేదు. రాజప్రతినిధి వచ్చేలోగా రాయి తీయకపోతే గానుగను పగలగొట్టించి, మొగుడూ పెళ్లాలను కనుమ దాటిస్తానని కబురు పంపాడు.

ఆ కబురు విని మొదట వణికినవారు ఇరుగుపొరుగువారే. గుడ్డల అంగడి నంజుండశెట్టి వచ్చి గడపలో నిలబడి, "బుక్కమ్మా, నీ ఒక్క రాయి వల్ల ఊరికి చెడ్డపేరు వస్తుంది. సంత పోతే మేమంతా ఏం తినాల?" అని అడిగాడు.

"పోయినేడు నీ అంగట్లో పట్టుబట్టలు పోయినాయి గదా మామా. అవి కూడా తప్పిపోయినాయా? నడిచి వెళ్లినాయా?"

శెట్టి తల దించుకున్నాడు. "నేనూ రాయి పెట్టినా. తీయమన్నారు, తీసినా. అందరం తీసినాం."

"అందుకే మామా, నాకు ఎద్దు పోయింది."

ఆ మాట సూటిగా తగిలి శెట్టి గడప దిగి వెళ్లిపోయాడు. బుక్కమ్మకు భయం లేదని చెప్పడం సత్యం కాదు. కట్టు కట్టిన చేతితో భర్త గానుగ రోలును నిమురుతూ కూర్చోవటం చూసినప్పుడల్లా, పోయి ఆ రాయి తీసేస్తే పీడ వదులుతుంది కదా అని ఆమెకు అనిపించేది. కాని రాయి తీయటమంటే, ఆ చేయి ఎవరూ విరగ్గొట్టలేదని అమ్మ ముందు ఒట్టు పెట్టడమే. ఆ అబద్ధం ఆమె గొంతు దాటలేదు. "గానుగ పగిలితే ఇంకోటి తొలిపిచ్చుకుంటాం. ఈ మాట పగిలితే ఎవురు అతుకుతారు?" అన్నది భర్తతో. గురవయ్య లేచాడు. ఎడమచేత్తో చెంబెడు నీళ్లు ముంచి ఆమెకు ఇచ్చాడు.

రాయిని తాకటానికి కట్టుబాటు అడ్డం; తీయటానికి బుక్కమ్మ ఒప్పదు. అప్పుడు బసవప్పకు ఒక ఉపాయం తట్టింది. అమ్మ ఎదుట ఉన్న రాళ్లే కదా లెక్కకు వచ్చేవి. రాయిని తాకకుండా అమ్మనే వెనక్కు తిప్పితే అది వీపు వైపు రాయి అవుతుంది, ఎదుట రాయే ఉండదు అన్నాడు. ఇంత తేలిక సంగతి తనకెందుకు తట్టలేదని ఓబళనాయకుడు నొచ్చుకుని, ఉపాయం చెప్పినవానికి శాలువా కప్పాడు. శాంతి పేరిట బలులు ఇప్పించి, మోకులు వేయించి, అమ్మవారిని పేట వైపు నుంచి కోట వైపుకు తిప్పించాడు. విగ్రహం ఏ మాత్రం బిగువు చూపక, తానే కోరి తిరిగినట్టు తిరిగిందని మోకులు లాగినవారు చెప్పుకునేవారు.

రాజప్రతినిధి తిరువేంగళయ్య మేళతాళాలతో వచ్చి, అమ్మవారికి మొక్కి, ఎదుట నేల శుభ్రంగా ఉండటం చూసి మెచ్చుకున్నాడు. బిరుదుపలకను తెమ్మని సైగ చేయబోతుండగా, జనాన్ని తోసుకుని బుక్కమ్మ ముందుకు వచ్చింది.

"అయ్యా, మీరు చూసింది చాలదు. అమ్మ ఎంతదూరం చూస్తుండాదో అంతదూరం మీరూ చూడాల."

"ఏముందమ్మా అక్కడ?"

"కోట ఉండాది. కోట నిండా రాళ్లే గదా అయ్యా. అమ్మ ఎదట ఉన్న రాళ్లన్నీ లెక్కకు వస్తాయంటే, ఆ గోడలో ప్రతి రాయీ రావాల."

తిరువేంగళయ్య నవ్వబోయి ఆగాడు. అప్పటిదాకా ఎవరు అమ్మకు మొక్కినా పేట వైపు నుంచి మొక్కేవారు; కోట అమ్మ వీపు చాటునే గాని వారి కంటి ఎదుట ఉండేది కాదు. ఆనాడు మొదటిసారిగా పట్టణమంతా అమ్మ వెనక చేరి, అమ్మ చూపు వెంట కోట వైపు చూసింది. రాజప్రతినిధికి స్వాగతంగా కోటవాకిలి బార్లా తెరిచి ఉంది. లోపలి ముంగిట్లో ధ్వజస్తంభం చుట్టూ ఒక పుల్లెద్దు, కాడి లేదు, తోలేవాడు లేడు, గుండ్రంగా తిరుగుతూ ఉంది.

గానుగవీధి పిల్లలు దానిని పేరుపెట్టి పిలిచారు. అది చెవులు నిక్కించి, చుట్టు పూర్తిచేసి, వాకిలి దాటి, మిట్ట దిగువన నిలిచిన గురవయ్య దగ్గరకు నడిచి వచ్చి అతని కట్టుచేతిని వాసన చూసింది. ఆ దొంగతనం ఎవరిదో పట్టణమంతటికీ తెలిసిపోయింది.

ఓబళనాయకుడు వెంటనే అమ్మవారిని మునుపటి వైపుకు తిప్పమని అరిచాడు. మోకులు తెగాయి, మనుషులు అలిశారు, ఏనుగును తెచ్చినా విగ్రహం వెంట్రుకవాసి కదలలేదు. వారు లాగుతుండగానే కోటగోడ నుంచి ఒక రాయి దానంతట అదే ఊడి దొర్లుకుంటూ వచ్చి అమ్మ ఎదుట నిలిచింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది. ఏ చేయీ పెట్టని రాళ్లు గనుక వాటిని తీయగల చేయి లేదు. తీయలేరు గనుక తిరిగి గోడ కట్టలేరు. అది గ్రహించిన పాలెగాడు కొలువు వదిలి కనుమ దాటిపోయాడు, బసవప్ప అతని గుర్రం వెనక పరుగెత్తాడు. ఇతరులను దాటిస్తామన్న కనుమనే వారు దాటారు.

రాజప్రతినిధి బిరుదుపలకను బండిలోనే ఉంచుకున్నాడు. అయితే పట్టణం సిగ్గుపడలేదు. నంజుండశెట్టి మొదటగా వంకలోకి దిగి, ఒకసారి తీసిన తన రాయికి బదులు మరొకటి ఎత్తుకువచ్చాడు. అతని వెనక పేటంతా కదిలింది, సాయంకాలానికి మిట్ట తెల్లబడింది. పేరు చెడుతుందని భయపడిన సంత చెడలేదు. పోయినది పోయిందని చెప్పే ఊళ్లోనే మన సరుకు దింపుదామని వర్తకులు ఆ పేటనే వెతుక్కుంటూ వచ్చారు. బుక్కమ్మ మాత్రం భర్త చేయి అతికి, గానుగ మళ్లీ తిరిగిన తరువాతనే తన రాయి తీసి వంకలో విడిచింది.

అది మొదలు పొలిమేరమ్మ ఎదురమ్మ అయింది, కనుమపేట ఎదురమ్మపేట అయింది. దేవతలందరూ తూర్పు ముఖంగా ఉంటే ఈ తల్లి నేటికీ పడమటి ముఖంగా, కూలిన కోటను రెప్పవేయక చూస్తూ ఉంటుంది. ఆ కోటరాళ్లు ఒక్కదాన్నీ ఎవరూ ఇంటి పునాదికి వాడరు. మాఘంలో తిరునాళ్లనాడు గానుగవీధివారు ఒక ఎద్దును అలంకరించి, పగ్గం లేకుండా గుడి చుట్టూ తిప్పుతారు. ఆ ఏడు ఏ అన్యాయం జరిగినా నష్టపోయినవారు తెల్లరాయి తెచ్చి అమ్మ ఎదుట పెడతారు. పోలీసుఠాణాకు కొత్తగా వచ్చిన అధికారి ఆ రాళ్ల మధ్య నిలబడి ఒక్కొక్కరినీ సంగతి అడగటం ఆనవాయితీ. అలా వచ్చిన అధికారి ఎవరైనా "ఈసారి రాళ్లు బాగా తగ్గాయే" అని సంబరపడితే, గానుగవీధి ముసలమ్మలు పసుపుచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఎటు తిరిగి చూసినావు నాయనా?" అని అడుగుతారు.