నక్క వడకట్టిన జామరసం

కొండవాలు జామతోట ఆ ఏడు విరగకాసింది. ఎలుగు నల్లవ్వకి ఏం లాభం? నోట్లో పళ్లన్నీ ఊడిపోయి, నమలలేక, చెట్టుకింద కూర్చుని కాయలకేసి చూస్తోంది. అప్పుడొచ్చాడు జిత్తయ్య. జిత్తయ్యంటే నక్కేలెండి, ఇంకెవరు!

"అవ్వా, నీ బోసినోటికి పిప్పెందుకు? జామపళ్లు దంచి, గుడ్డలో వడకట్టి, రసం చేసిస్తా. సగం నా కూలి."

"చల్లగా ఉండు నాయనా!" అంది నల్లవ్వ.

అప్పట్నుంచీ ఆమెకి రసమే కూడు. జిత్తయ్య పిప్పి కంచె పక్కన పారేస్తే పంది గున్నమ్మ తినేది. ఐదో రోజుకి అవ్వ కడుపు బండయింది. దొడ్డికి రాదు, ఏమీ సయించదు, లేచి నాలుగడుగులు వేయలేదు.

"నా పనైపోయిందిరా," అని ఏడ్చింది.

"ఇంకా పల్చగా వడకడతాలే అవ్వా," అన్నాడు జిత్తయ్య. అబ్బో, ఎంత ప్రేమో!

కంచె పక్కనుంచి వింటున్న గున్నమ్మకి ఒళ్లు మండింది. "అవ్వా, కడుపుని కదిలించే పీచంతా ఆ పిప్పిలోనే ఉంది. వీడు నీకు తీపినీళ్లు పోసి, అసలు సరుకు నాకు పారేస్తున్నాడు. నన్ను చూడు, పొద్దున్నే ఎంత సుఖమో!"

"నమలలేనే తల్లీ!"

"నమలమన్నానా? మెత్తగా దంచుకో. వడకట్టకు, అంతే."

గున్నమ్మ తనే బండమీద పళ్లు తొక్కతో సహా నలిపి, నీళ్లతో తినిపించింది. మూడో రోజు పొద్దున నల్లవ్వ పొద చాటు నుంచి తేలిగ్గా నడుచుకుంటూ వచ్చి, గున్నమ్మని వాటేసుకుంది.

"నా ప్రాణం నిలబెట్టావే! నీ రుణం తీర్చుకోలేను."

గున్నమ్మ మాత్రం జిత్తయ్యని వదల్లేదు. వినయంగా వాడి దగ్గరికి వెళ్లింది. "బావా, ఇకమీదట రసం మొత్తం నీకే. ఆ పనికిరాని పిప్పి మాకు చాలు."

జిత్తయ్య ఎగిరి గంతేశాడు. వారం పాటు వేరే తిండి ముట్టకుండా రసమే తాగాడు. ఎనిమిదో రోజు కడుపు పట్టుకుని, వంగి వంగి వచ్చాడు.

"మరదలా... కాస్త పిప్పి పెడతావా?"

గున్నమ్మ పడీపడీ నవ్వింది. నల్లవ్వే ఆకునిండా పెట్టింది. "తిను నాయనా. పళ్లు దంచుకోవచ్చని చెప్పింది నువ్వేగా, ఆ మేలు మర్చిపోను."

జిత్తయ్య తలెత్తకుండా తిన్నాడు.

చెట్టుకి దణ్ణం పెట్టి, అదిచ్చిన పండుని పీచుతో సహా తినేవాడికే ఆ పండు ఒంటబడుతుంది.