తోకతో కొలిచే బడి

అనగనగా, వాన పడితే చాలు వాగు పొంగే ఒక అడవి ఉండేది. ఆ అడవిలో వంతెనలు కట్టే పని కొండముచ్చులది. కట్టేవాళ్లే కదా నేర్పేది, అందుకని బడీ వాళ్లదే. వెదురుబొంగుల్ని తోకతో కొలిచేవాళ్లు. "మూడు తోకల బొంగు తే! రెండు తోకల తీగ చుట్టు!" అని ఒకటే సందడి.

ఆ బడికి సూదమ్మ అనే ముళ్లపంది పిల్ల వచ్చింది. దాని అమ్మమ్మ వాగు అవతల ఉండేది. వంతెన కొట్టుకుపోయిందంటే మళ్లీ ఎండాకాలం దాకా అమ్మమ్మ కనబడదు. అందుకే, గట్టి వంతెన కట్టడం నేర్చుకోవాలని సూదమ్మ ఆశ.

కొండముచ్చు పిల్లలు పకపకా నవ్వారు. "ఏమే సూదమ్మా, తోకేదీ? ఇంట్లో మరిచిపోయి వచ్చావా?"

మొదటి రోజు సూదమ్మ తల వంచుకుంది. రెండో రోజు ఒక తీగను తోకలా కట్టుకొచ్చింది. అది కాస్తా ఊడి వాగులో పడింది. ఇంక చూస్కోండి, నవ్వులే నవ్వులు! మూడో రోజు బడి మానేసి ఇంటిదారి పట్టింది.

దారికి అడ్డంగా, బడి పెద్ద గండయ్య తాత కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికే తల్లీ?"

"ఇంటికి తాతా. నాకు తోక లేదుగా."

తాత తన తోక వంక చూసుకున్నాడు. "అవునే! ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు. మాకు తోకుంది కాబట్టి తోకతో కొలిచాం, అంతే. వాగుకి తోకతో ఏం పని? ఏదీ, రాలిన ముల్లొకటి ఇటు ఇవ్వు."

ఇసకలో తోక పరిచి, పక్కనే ముల్లు పెట్టి, ఎన్ని ముళ్లయితే ఒక తోకో చూపించాడు.

సూదమ్మ కట్టిన మొదటి బుల్లి వంతెన పుటుక్కున విరిగింది. తాత నవ్వలేదు. "ఏడుపు తర్వాత. ముందు ఎక్కడ విరిగిందో చూడు," అన్నాడు. పెద్ద వంతెన పని వచ్చినప్పుడు, అందరి ముందూ సూదమ్మ పేరే చెప్పాడు.

"ఈ పిల్లకా!" అన్నారు కొందరు.

"ఈ పిల్లకే. పక్కన నేనుంటా," అన్నాడు తాత.

ఆ ఏడు వాన దంచి కొట్టింది. వంతెన కదల్లేదు. సూదమ్మ దాని మీంచి గంతులేస్తూ పోయి అమ్మమ్మ ఒళ్లో పడింది. అమ్మమ్మ ఏమందో తెలుసా? "మెల్లగా రావే, ముళ్లు గుచ్చుకుంటున్నాయి!"

కాలం గడిచింది. తాత పోయాడు. సూదమ్మ ముసలిదయింది, బడి ఇప్పుడు తనదే. కోసిన పచ్చివెదురు వాసన తగిలితే చాలు, ఇసకలో పరిచిన ఆ దుమ్ముకొట్టుకున్న తోక కళ్లముందు మెదిలేది. ఆ తలపులోనే, "పది ముళ్ల బొంగు తే!" అని పిల్లల్ని హుషారుగా కేకేసేది.

ఒకనాడు బడికి వచ్చిన ఒక తాబేలు పిల్ల మెల్లగా వెనక్కి మళ్లింది.

"ఎక్కడికే తల్లీ?"

"ఇంటికి అవ్వా. నాకు ముల్లు లేదుగా."

సూదమ్మ గతుక్కుమంది. తర్వాత లేచి వెళ్లి, అచ్చం గండయ్య తాతలాగే, దారికి అడ్డంగా చతికిలబడింది.

"డిప్ప ఉందిగా, పిచ్చిదానా! ఇలా రా, ఎన్ని డిప్పల బొంగు కావాలో చూద్దాం."

నీతి: మనల్ని చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్లినవారి రుణం, గుమ్మం బయట నిలబడ్డ మరొకరిని లోపలికి పిలిస్తేనే తీరుతుంది.