మావగారు విప్పేసిన నేత

అనగనగా ఏటి ఒడ్డున ఓ ఊరు, ఆ ఊళ్ళో మగ్గం నేసుకు బతికే ఓ ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన రావులయ్య పోయాడు. పోయాడంటే పూర్తిగా పోలేదర్రా, దయ్యమై మగ్గం దగ్గరే ఉండిపోయాడు. ఊ కొడుతున్నారా? భయమేస్తే నా చీర కొంగు పట్టుకోండి.

కొడుకు అప్పన్నకి నేత రాదు. మూట భుజాన వేసుకుని ఊరూరా బట్టలమ్మేవాడు. మరి నేసేదెవరు? కోడలు వరాలు మగ్గం గుంటలో కూర్చుంది. పగలంతా నేసేది. తెల్లారి చూస్తే ఏముందీ, నేసిందంతా విప్పేసి, దారం చక్కగా కండెకి చుట్టేసి ఉండేది. మళ్ళీ నేసేది, మళ్ళీ విప్పేసి ఉండేది.

అత్తగారు గడగడలాడిపోయి, ఈ మగ్గాన్ని పొయ్యిలో పెట్టేద్దామంది. అప్పన్న గొడ్డలి తెచ్చాడు. వరాలు అడ్డం నిలబడింది.

"ఆగండి! మావయ్య ఒక్క పోగైనా తెంపలేదు చూడండి. కోపమైతే తెంపేసేవారేగా? నా నేత నచ్చక విప్పుతున్నారు."

అని గుంటలో కూర్చుని, "మావయ్యా, ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి, దిద్దుకుంటాను" అని అడిగింది.

అంతే! చల్లటి గాలి తెమ్మెరొకటి వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది. చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తారే, అలాగ. దారాన్ని అటూ ఇటూ లాక్కెళ్ళే నాడె ఊగితే చెయ్యి ఊగె, చెయ్యి ఊగితే ఒళ్ళు ఊగె, ఒళ్ళు ఊగితే ఇల్లు ఊగె, ఇంటితోపాటు ఏరూ ఊగె. వరాలుకి ఆకలి గుర్తులేదు, పొద్దు గుర్తులేదు. పక్కనున్నది దయ్యమన్న సంగతే గుర్తులేదు.

ఒరేయ్ పెద్దాడా, చెల్లికి దుప్పటి సరిగ్గా కప్పు.

అలా నేస్తుంటే, ఆయన విప్పేది మూరెడైంది, జానెడైంది, బెత్తెడైంది. ఓ పొద్దున లేచి చూస్తే చీర చీరంతా మగ్గం మీదే ఉంది! ఏటి మీద పొగమంచులో సూర్యుడొచ్చే ముందు ఓ రంగుంటుంది చూడండి, అదే రంగు.

అత్తగారు ఆ చీర చెంపకి ఆనించుకుని, "అచ్చం మీ మావయ్య నేసినట్టే ఉందే" అని ఏడ్చేసింది.

వరాలు చీర అంచు ఒకసారి తడిమి చూసుకుంది. "కాదత్తా. ఆయన అంచు ఇలా నెయ్యరు. ఇది నాది" అంది మెల్లగా.

ఆ మాటతో మగ్గం మీదినుంచి గాలి లేచింది, గుమ్మం దాటింది, ఏటి మీదుగా వెళ్ళిపోయింది. వరాలు "మావయ్యా" అని పిలిచింది. కళ్ళు తుడుచుకుని కొత్త దారం ఎక్కించింది. అందరూ చల్లగా బతికారు.

చేతికి పని పట్టుబడితే మనసుకి ఓ ఇల్లు దొరికినట్టేనర్రా. ఇంక కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.